విల్బర్ రైట్: ఇంజనుకు తగిన ప్రొపెల్లర్ చెక్కిన మెకానిక్

ప్రత్యేక సంచిక కోసం ఒక మహనీయుని జీవితం గురించి రాయమని సంపాదకవర్గం వారు నన్ను కోరారు. విశ్వేశ్వరయ్యగారి గురించి, కాటన్ దొర గురించి నాకన్నా బాగా రాయగలవారు మన సంఘంలో ఉన్నారు. డిపో వర్క్‌షాపులో స్పానర్లు పట్టుకుని ఉద్యోగకాలమంతా గడిపినవాణ్ణి కనుక నాకు దగ్గరగా తోచిన ఒక మెకానిక్ జీవితాన్ని ఎంచుకున్నాను. ఆయన పేరు విల్బర్ రైట్. రైట్ సోదరులలో పెద్దవాడు.

రైట్ సోదరులు విమానాన్ని కనిపెట్టారని బడికి వెళ్ళే ప్రతి పిల్లవాడికీ తెలుసు. అయితే వారు చేసిన పనులలో బహు కష్టమైనది, తక్కువ మందికి తెలిసినది ఒకటుంది. ఒక చిన్న ఇంజను ఇచ్చే కొద్దిపాటి బలాన్ని వృథా పోనీయకుండా గాలిని వెనక్కి నెట్టగల ప్రొపెల్లర్‌ను లెక్క కట్టి, చేత్తో చెక్కి, ఆ ఇంజనుకు జత చేయడం. ఈ సంగతి మీద నాకు ఆసక్తి కలగడానికి కారణం మా మనుమడు. హైదరాబాదులో కాలేజీలో చదువుతూ ఎన్.సి.సి. వైమానిక విభాగంలో చేరి, నమూనా విమానాలు ఎగరేయడం నేర్చుకుంటున్నాడు. మొన్న దసరా సెలవులకు మెదక్ వచ్చినప్పుడు ఒక చిన్న ఇంజను వెంట తెచ్చుకున్నాడు. సైలెన్సర్ బిగిస్తే చక్రభ్రమణాలు ఎందుకు తగ్గుతున్నాయి, అప్పుడు ఏ ప్రొపెల్లర్ వేయాలి తాతా అని అడిగాడు. బస్సు ఇంజన్ల అనుభవంతో సగం జవాబు చెప్పాను. మిగతా సగం కోసం పుస్తకాలు తిరగేస్తే అవి నన్ను విల్బర్ రైట్ దగ్గరికి తీసుకుపోయాయి.

బాల్యం, ఒక ఆటబొమ్మ

విల్బర్ 1867 ఏప్రిల్ 16న అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో మిల్‌విల్ అనే ఊరి దగ్గర పుట్టాడు. తండ్రి మిల్టన్ రైట్ క్రైస్తవ మతాచార్యుడు, తరువాత బిషప్ అయ్యాడు. తల్లి సూసన్ బళ్ళు తయారు చేసేవారి ఇంటి ఆడపడుచు. ఇంట్లో ఏ వస్తువు చెడిపోయినా పిల్లలు తండ్రి దగ్గరకు కాక తల్లి దగ్గరకే వెళ్ళేవారట. పనిముట్లు పట్టుకోవడం ఆ అన్నదమ్ములకు అమ్మ నుంచే అబ్బింది. విల్బర్‌కు నాలుగేళ్ళు చిన్నవాడు ఆర్విల్, 1871లో పుట్టాడు. వారిద్దరి జీవితం చివరివరకు ఒకే జీవితంగా సాగింది.

1878లో తండ్రి ఎక్కడికో ప్రయాణం చేసి వస్తూ పిల్లలకొక బొమ్మ తెచ్చాడు. బెండు, వెదురు, కాగితంతో చేసిన చిన్న ఎగిరే బొమ్మ అది. రబ్బరు పట్టీని మెలిపెట్టి వదిలితే పైన ఉన్న పంకా తిరిగి ఇంటి కప్పు దాకా లేచేది. ఫ్రాన్సు దేశస్థుడు ఆల్ఫాన్స్ పెనో తయారు చేసిన నమూనా అది. పిల్లలు దాన్ని చూసి అటువంటివే ఇంకా పెద్దవి చేశారు. బొమ్మ పెద్దదయ్యేకొద్దీ ఎగరడం మానేసింది. కారణం వారికి పెద్దయ్యాక గాని తెలియలేదు. కొలతలు రెండింతలు చేస్తే అవసరమయ్యే బలం రెండింతలు కాదు, ఎనిమిదింతలు. నేటికీ నమూనా విమానాలు చేసే పిల్లలు మొదట తెలుసుకోవలసిన పాఠం ఇదే.

విల్బర్ చదువులో చురుకు, ఆటల్లో మేటి. యేల్ విశ్వవిద్యాలయానికి పంపాలని ఇంట్లో అనుకున్నారు. 1885-86 శీతాకాలంలో మంచు మీద ఆడుతుండగా ఎదుటివాడి చేతి కర్ర ముఖానికి తగిలి ముందుపళ్ళు ఊడిపోయాయి. ఆ తర్వాత ఆరోగ్యం, ఉత్సాహం రెండూ దెబ్బతిన్నాయి. పైచదువు ఆలోచన మానుకుని సుమారు మూడేళ్ళు ఇంటిపట్టునే ఉండిపోయాడు. అదే సమయంలో తల్లికి క్షయ ముదిరింది. ఆమెను చూసుకునే బాధ్యత విల్బర్ తన మీద వేసుకున్నాడు. రోజూ ఆమెను మేడ మీదినుంచి కిందికి, కిందినుంచి మేడ మీదికి ఎత్తుకుని తీసుకువెళ్ళేవాడు. మిగిలిన పొద్దంతా తండ్రి పుస్తకాల గదిలో చదువుకునేవాడు. 1889లో తల్లి కన్నుమూసింది. ఆ మూడేళ్ళు వృథా అయ్యాయని లోకం అనుకుని ఉంటుంది. కాని ఓపికగా చదివి ఆలోచించే అలవాటు ఆ రోజుల్లోనే ఏర్పడింది.

సైకిళ్ళ దుకాణం నుంచి ఇసుక దిబ్బల వరకు

అన్నదమ్ములు డేటన్ పట్టణంలో మొదట అచ్చుయంత్రం పెట్టారు. 1892లో సైకిళ్ళ దుకాణం తెరిచారు. 1896 నుంచి సొంత సైకిళ్ళు తయారు చేసి అమ్మారు. గొలుసులు, పళ్ళచక్రాలు, బాల్ బేరింగులు, సన్నని ఉక్కుతీగల బిగింపు ఇవన్నీ వారికి నిత్యం చేతిలో ఆడే వస్తువులు. తర్వాత విమానంలో ఇవే ఉపయోగపడ్డాయి.

1896 ఆగస్టులో జర్మనీ దేశస్థుడు ఒట్టో లిలియెంతాల్ గాలిలో తేలే రెక్కల యంత్రం కూలి మరణించాడు. ఆ వార్త విల్బర్ మనసులో నాటుకుంది. 1899 మే 30న ఆయన స్మిత్సోనియన్ సంస్థకు ఉత్తరం రాసి, ఎగరడం గురించి అంతవరకు అచ్చయిన రచనలు పంపమని కోరాడు. 1900 నుంచి ప్రతి సంవత్సరం నార్త్ కరొలినా తీరంలో కిట్టీ హాక్ అనే ఇసుక దిబ్బల ఊరికి వెళ్ళి ఇంజను లేని గ్లైడర్లతో ప్రయోగాలు చేశారు. 1901లో గ్లైడరు లెక్క ప్రకారం లేవలేదు. ఇతరుల పట్టికలలో లోపం ఉందని గ్రహించి, ఆరడుగుల చెక్కపెట్టెతో వాయుసొరంగం కట్టి, ఇంచుమించు 200 రకాల రెక్కల ఆకారాలను అందులో పరీక్షించారు. 1902 గ్లైడరు చెప్పిన మాట వింది. ఇక మిగిలినవి రెండే: ఇంజను, ప్రొపెల్లర్.

ప్రొపెల్లర్ లెక్క

ఇంజను దొరకడం కష్టమని, ప్రొపెల్లర్ సులువని వారు అనుకున్నారు. ఓడలకు ప్రొపెల్లర్లు ఎప్పటినుంచో ఉన్నాయి కదా, ఓడ ఇంజనీర్ల సూత్రాలు తీసుకుని నీటి బదులు గాలి అని మార్చుకుంటే సరిపోతుందని వారి ఊహ. గ్రంథాలయంలో వెతికితే అటువంటి సూత్రాలేవీ కనపడలేదు. ఓడకు ఒకటి వేసి చూడడం, బాగులేకపోతే ఇంకొకటి వేయడం, అంతే పద్ధతి. ఓడలో సగం బలం వృథా అయినా ఓడ నడుస్తుంది. విమానంలో సగం వృథా అయితే నేల విడవదు.

1902-03 శీతాకాలమంతా అన్నదమ్ములు దీని మీదే పట్టుబట్టి కూర్చున్నారు. ప్రొపెల్లర్ అంటే గాలిలో దిగే మర కాదని, గుండ్రంగా తిరిగే రెక్క అని వారికి తట్టింది. అయితే ఆకు తిరుగుతుంటుంది, యంత్రం ముందుకు పోతుంటుంది, గాలి వెనక్కి జారుతుంటుంది. ఒకటి మారితే మిగిలినవన్నీ మారతాయి. లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. ఇద్దరూ గంటల తరబడి గట్టిగా వాదించుకునేవారు. చివరికి అన్న తమ్ముడి వాదం ఒప్పుకునేవాడు, తమ్ముడు అన్న వాదం ఒప్పుకునేవాడు, వాదన మళ్ళీ మొదటికి వచ్చేది. నోటుపుస్తకాలు నిండిపోయాయి. ఆకు పొడవునా ఒక్కొక్క చోట వేగం ఎంత, గాలికి ఎంత కోణంలో ఉండాలి, ఎంత వెడల్పు ఉండాలి అని వాయుసొరంగంలో దొరికిన అంకెలతో గుణించుకుంటూ పోయారు.

తయారైనవి రెండు ప్రొపెల్లర్లు. ఒక్కొక్కటి ఎనిమిదిన్నర అడుగుల వ్యాసం. స్ప్రూస్ చెక్క పలకలను అతికించి, చిన్న గొడ్డలితోను, రెండు పిడుల కత్తితోను చెక్కినవి. ఇంజను ఇచ్చే బలంలో 66 శాతం తోపుగా మారుతుందని వారి లెక్క. ఆ ప్రొపెల్లర్ల నకళ్ళను మన కాలంలో వాయుసొరంగాలలో పరీక్షిస్తే 75 శాతం దాటింది. కాలేజీ మెట్టు ఎక్కని ఇద్దరు సైకిలు మెకానిక్కులు చేతి కత్తితో సాధించిన ఫలితమిది.

ఇంజను కోసం చాలా కంపెనీలకు ఉత్తరాలు రాశారు. తేలికైన ఇంజను ఎవరి దగ్గరా లేదు. వారి దుకాణంలో పనిచేసే చార్లీ టేలర్ అనే మెకానిక్ సరైన పటాలు కూడా లేకుండానే ఆరు వారాల్లో ఒక ఇంజను తయారు చేశాడు. నాలుగు సిలిండర్లు, అల్యూమినియం పోత, బరువు సుమారు 180 పౌన్లు, బలం 12 హార్స్ పవర్. మొదలుపెట్టిన కొద్ది క్షణాలు 16 దాకా ఇచ్చి, వేడెక్కగానే 12కు దిగేది. మనలో ఇంజన్లతో పనిచేసినవారికి ఇది వింతగా ఉండదు. చల్లని ఇంజను చూపే బలాన్ని నమ్మకూడదు. వేడెక్కిన తర్వాత మిగిలేదే లెక్క.

ఇక జత చేయడం. ఇంజను నిమిషానికి సుమారు 1,000 సార్లు తిరుగుతుంది. అంత పెద్ద ప్రొపెల్లర్‌ను అంత వేగంగా తిప్పితే 12 హార్స్ పవర్ ఏ మూలకూ చాలదు. అందుకని ఇంజను వైపు 8 పళ్ళు, ప్రొపెల్లర్ వైపు 23 పళ్ళు అనే నిష్పత్తిలో సైకిలు గొలుసుల వంటి గొలుసులు వేసి వేగాన్ని 350కి దించారు. చిన్న పంకా కొద్ది గాలిని విసురుగా నెడుతుంది, అందులో బలం చాలా వృథా. పెద్ద పంకా ఎక్కువ గాలిని నెమ్మదిగా నెడుతుంది, వృథా తక్కువ. రెండు ప్రొపెల్లర్లు ఎదురెదురు దిశల్లో తిరగడానికి ఒక గొలుసును మెలిపెట్టి బిగించారు. దానితో యంత్రం ఒక పక్కకు తిరగబడే బాధ తప్పింది. నిండు బస్సు ఎత్తు ఎక్కేటప్పుడు డ్రైవరు గేరు దించకపోతే ఇంజను మూలుగుతుంది. రైట్ సోదరుల పళ్ళచక్రాలు చేసిన పని అటువంటి గేరు పనే.

నమూనా విమానంలో ఇదే సూత్రం

మా మనుమడి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. నమూనా విమానం ఇంజనుకు గేరు లేదు. ప్రొపెల్లరే దానికి గేరు. ప్రొపెల్లర్ మీద 10, 6 అని అంకెలుంటే, వ్యాసం 10 అంగుళాలు, పిచ్ 6 అంగుళాలు అని అర్థం. అంటే జారుడు లేకపోతే ఒక్క చుట్టులో 6 అంగుళాలు ముందుకు పోతుంది. నిమిషానికి 10,000 చుట్లు తిరిగితే 5,000 అడుగులు, అంటే గంటకు 91 కిలోమీటర్లు. వ్యాసం పెంచితే భారం చాలా వేగంగా పెరుగుతుంది. అదే పిచ్‌తో 10 నుంచి 11 అంగుళాలకు పోతే, అంతే వేగంతో తిప్పడానికి దాదాపు ఒకటిన్నర రెట్ల బలం కావాలి. భారం మరీ ఎక్కువైతే ఇంజను మూలిగి వేడెక్కుతుంది. మరీ తక్కువైతే అదుపు లేకుండా తిరిగి అరిగిపోతుంది.

సైలెన్సర్ సంగతి కూడా అంతే. రైట్ సోదరుల ఇంజనుకు సైలెన్సరే లేదు, పొగ నేరుగా గాలిలోకే. శబ్దాన్ని అణచే పని చేపట్టినవాడు అదే కాలపువాడైన హైరం పెర్సీ మాక్సిం. విల్బర్ కన్నా రెండేళ్ళు చిన్నవాడు. 1909లో తుపాకీ సైలెన్సర్‌కు పేటెంటు పొంది, తరువాత అదే ఆలోచనను ఇంజన్ల పొగగొట్టాలకు వాడాడు. విచిత్రమేమంటే, ఆయన తండ్రి హైరం మాక్సిం 1894లో ఇంగ్లాండులో ఆవిరి యంత్రాలతో బ్రహ్మాండమైన ఎగిరే యంత్రం కట్టినవాడే. బలం ఎంతో ఉంది గాని దాన్ని అదుపు చేసే మార్గం లేక అది అక్కడితో ఆగిపోయింది.

సైలెన్సర్ బిగిస్తే పొగ బయటికి పోవడానికి కొంత అడ్డు వస్తుంది. కాలిన వాయువు కొంత సిలిండరులోనే మిగిలి, కొత్త మిశ్రమానికి చోటు తగ్గుతుంది, బలం తగ్గుతుంది. అప్పుడు పిచ్ ఒక అంగుళం గాని, వ్యాసం కొద్దిగా గాని తగ్గించి, సూదిమరను మళ్ళీ సరిచేసుకోవాలి. పందేల విమానాలకు వాడే పొడుగాటి శ్రుతి గొట్టం వేరే రకం. పొగ వెంట పోయే ఒత్తిడి తరంగం గొట్టం చివర తగిలి వెనక్కి వచ్చి, జారిపోబోయే కొత్త మిశ్రమాన్ని మళ్ళీ సిలిండరులోకి నెడుతుంది. అది సరిగ్గా ఒక వేగం దగ్గరే జరుగుతుంది. ప్రొపెల్లర్ ఆ వేగాన్ని అందుకోనివ్వకపోతే గొట్టం ఉన్నా లేనట్టే. విమానం గాలిలోకి లేచాక ప్రొపెల్లర్ మీద భారం తగ్గి చుట్లు పెరుగుతాయి కనుక, నేల మీద కొంచెం తక్కువగా ఉండేట్టు చూసుకోవాలి. ఇంజను, పొగగొట్టం, ప్రొపెల్లర్ మూడూ ఒక్క కుటుంబం. ఒకరిని మార్చి మిగిలినవారిని అలాగే ఉండమంటే కుదరదు.

1903 డిసెంబరు

ఆ ఏడాది కిట్టీ హాక్‌లో కష్టాలు వరసగా వచ్చాయి. ఇంజను కుదుపులకు ప్రొపెల్లర్ ఇరుసులు దెబ్బతిన్నాయి. బాగుచేయించి తెచ్చాక పళ్ళచక్రాలు వదులయ్యాయి. సైకిలు టైర్లు అంటించే జిగురు పోసి వాటిని నిలబెట్టారు. ఆ తర్వాత ఒక ఇరుసు చీలింది. ఆర్విల్ డేటన్ వెళ్ళి గట్టి ఉక్కు ఇరుసులు చేయించి తెచ్చాడు. యంత్రం ఎగరడానికి 90 పౌన్ల తోపు చాలని వారి లెక్క. తూచి చూస్తే ప్రొపెల్లర్లు 130 పౌన్లకు పైగా ఇచ్చాయి. అప్పుడు వారికి ధైర్యం వచ్చింది.

డిసెంబరు 14న నాణెం ఎగరేస్తే విల్బర్ వంతు వచ్చింది. యంత్రం మరీ నిటారుగా లేచి మూడున్నర సెకన్లలో ఇసుకలో పడింది. 17న ఆర్విల్ వంతు. 12 సెకన్లు, 120 అడుగులు. మన మెదక్ చర్చి పొడవు 200 అడుగులు, గోపురం ఎత్తు 175 అడుగులు. మానవుని మొదటి విమాన ప్రయాణం మన చర్చి లోపలే పూర్తయ్యేటంతటిది. ఆ రోజే నాలుగోసారి విల్బర్ 59 సెకన్లలో 852 అడుగులు ఎగిరాడు. చర్చి 1924లో ప్రతిష్ఠ జరిగేనాటికి, అంటే 21 ఏళ్ళు తిరిగేసరికి, విమానాలు సముద్రాలు దాటుతున్నాయి.

ఆ రోజులలోనే ప్రొఫెసర్ లాంగ్లీ ప్రభుత్వ ధనంతో 52 హార్స్ పవర్ ఇంజను పెట్టిన విమానాన్ని రెండుసార్లు ప్రయత్నించాడు. రెండుసార్లూ అది పొటోమాక్ నదిలో పడింది. రెండోసారి పడింది డిసెంబరు 8న. తొమ్మిది రోజులకే 12 హార్స్ పవర్ ఎగిరింది. బలం ఎక్కువ ఉన్నంత మాత్రాన పని జరగదు.

ఒక చీలిక, ఒక ప్రాణం

1905 అక్టోబరు 5న విల్బర్ డేటన్ దగ్గరి పచ్చిక బయలులో 39 నిమిషాలు, 24 మైళ్ళు ఎగిరాడు. అయినా లోకం నమ్మలేదు. 1908 ఆగస్టులో ఫ్రాన్సులో లె మాన్ దగ్గర అందరి ముందూ ఎగిరి చూపించాక ఐరోపా అంతా తల వంచింది.

సరిగ్గా ఆ వైభవ సమయంలోనే దెబ్బ తగిలింది. 1908 సెప్టెంబరు 17న అమెరికాలో ఫోర్ట్ మయర్ సైనిక మైదానంలో ఆర్విల్ లెఫ్టినెంట్ థామస్ సెల్‌ఫ్రిడ్జ్‌ను ఎక్కించుకుని ఎగిరాడు. ఆ విమానానికి అంతకు ముందున్న వాటికంటే పొడవైన కొత్త ప్రొపెల్లర్లు బిగించి ఉన్నాయి. గాలిలో ఒక ఆకు నిలువునా చీలింది. తోపు ఒక పక్క తగ్గి, కుదుపు పుట్టి, ఆధారాలు వదులై, ప్రొపెల్లర్ చుక్కాని తీగకు తగిలి దాన్ని తెంచింది. యంత్రం ముక్కు కిందికి కూలింది. ఆర్విల్‌కు తొడ ఎముక, పక్కటెముకలు విరిగాయి. ఇరవై ఆరేళ్ళ సెల్‌ఫ్రిడ్జ్ ఆ సాయంత్రమే మరణించాడు. ఇంజను విమానంలో ప్రాణం పోగొట్టుకున్న మొదటి మనిషి ఆయనే.

విల్బర్‌కు ఫ్రాన్సులో ఈ వార్త అందింది. ఆ రోజు ఎగరడం మానేసి ఒంటరిగా ఉండిపోయాడు. చెల్లెలు కాథరిన్ బడిపంతులు ఉద్యోగానికి సెలవు పెట్టి ఆర్విల్ మంచం పక్కనే కూర్చుంది. నాలుగు రోజుల తర్వాత, సెప్టెంబరు 21న, విల్బర్ మళ్ళీ విమానమెక్కి గంటన్నరకు పైగా ఎగిరాడు. తమ యంత్రం మీద లోకానికి నమ్మకం పోకూడదని ఆయన తాపత్రయం. విరిగిన ముక్కలను పరిశీలించి, తప్పు ఎక్కడ జరిగిందో అన్నదమ్ములు వరుస క్రమంలో కనిపెట్టారు.

నమూనా విమానాలతో ఆడుకునే పిల్లలకు నేను గట్టిగా చెప్పేది ఇదే. సన్నని గీత పడిన ప్రొపెల్లర్‌ను అతికించి వాడకండి, పారేయండి. రెండు ఆకులూ సమతూకంగా ఉన్నాయో లేదో చూసి బిగించండి. తిరిగే ప్రొపెల్లర్‌కు సూటిగా పక్కన నిలబడకండి, వెనుక ఉండండి. చిన్న ఇంజనే కదా అనుకుంటే వేళ్ళు తెగుతాయి.

చివరి రోజులు

1909 అక్టోబరు 4న విల్బర్ న్యూయార్కులో హడ్సన్ నది మీదుగా లక్షలాది జనం చూస్తుండగా ఎగిరాడు. 1910 మే 25న అన్నదమ్ములిద్దరూ ఒకే విమానంలో కలిసి ఎగిరారు. ఇద్దరికీ ఒకేసారి ఏమైనా అయితే పని ఆగిపోతుందని అంతవరకు ఎన్నడూ కలిసి ఎక్కలేదు. ఆ రోజు తండ్రి అనుమతి అడిగి ఎక్కారు. అదే రోజు ఎనభై ఒక్క ఏళ్ళ తండ్రిని కూడా ఆర్విల్ గాలిలో తిప్పాడు.

ఆ తర్వాత విల్బర్ చేతికి పనిముట్లు దక్కలేదు. కంపెనీ అధ్యక్షుడుగా ఉంటూ పేటెంటు వ్యాజ్యాలలో కోర్టుల చుట్టూ, వకీళ్ళ చుట్టూ తిరగడంతో సరిపోయింది. ఈలోగా ఐరోపావారు విమానాలను మెరుగుపరుచుకుంటూ ముందుకు పోయారు. న్యాయం కోసం పోరాడడం అవసరమే కావచ్చు. కాని అటువంటి బుర్ర రెండున్నరేళ్ళు కాగితాల మధ్య నలిగిపోవడం నాకు బాధ కలిగిస్తుంది. 1912 మే నెలలో టైఫాయిడ్ సోకి, మే 30 తెల్లవారుజామున డేటన్‌లో విల్బర్ కన్నుమూశాడు. వయసు 45. పెళ్ళి చేసుకోలేదు. తండ్రి ఇంకా ఐదేళ్ళు, ఆర్విల్ 1948 వరకు జీవించారు. అన్న పోయాక ఆర్విల్ 1915లో కంపెనీని అమ్మేశాడు. ఇద్దరూ కలిసి వాదించుకుంటే పుట్టే ఆలోచన ఒక్కడికి పుట్టలేదేమో!

మిత్రులారా, విల్బర్ రైట్ జీవితం చదివాక నాకు తోచిన మాట ఒకటి చెప్పి ముగిస్తాను. ఆయన, తమ్ముడు నోటుపుస్తకాలలో లెక్కలు రాసి పెట్టబట్టి, వంద సంవత్సరాల తర్వాత కూడా పండితులు వాటిని తీసి సరిచూడగలుగుతున్నారు. మన సభ్యులలో ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పగలవారున్నారు, స్ప్రింగు పట్టీని చేత్తో తట్టి ఆయుష్షు చెప్పగలవారున్నారు. ఆ విద్య ఎక్కడా రాసి లేదు. ప్రతి సంవత్సరం మనలో ఒకరిద్దరు వెళ్ళిపోతున్నారు, వారితోపాటు అదీ పోతోంది. సంఘం కార్యాలయంలో ఒక నోటుపుస్తకం పెట్టి, ఎవరికి తెలిసిన పని వారు తమ మాటల్లోనే అందులో రాస్తే, సెలవు రోజున ఏ మనుమడో మనుమరాలో దాన్ని తెరిచి చూస్తారు. మొదటి పేజీ రాయడానికి నేను సిద్ధంగా ఉన్నాను. మిగిలినవారు కూడా కలిసిరావలసిందిగా ప్రార్థన.